నీటికి వంతు ఉంది, ధాన్యానికి ఎందుకు లేదు?



సార్వా మాసూళ్ళు అయిపోయి దాళ్వా ఆకుమళ్ళు పోసుకుంటున్న రోజులివి. ఎవరి హడావిడిలో వాళ్ళం ఉన్నాం. అయినా ఈ పోస్టు ఇప్పుడే రాయాలనిపించింది. ఏప్రిల్‌లో ధాన్యం రోడ్డెక్కేక రాస్తే అది తిట్టుకోడానికి తప్ప దేనికీ పనికిరాదు. కాస్త పెద్దదే, తీరిక చూసుకుని చదవండి.

ముందు నా సంగతి ఒకటి చెప్తాను. 2023 డిసెంబరు మొదటి వారం. మిచాంగ్ తుఫాను వస్తోందని నాలుగు రోజుల ముందు నించే టీవీల్లో చెప్తున్నారు. మా ఊళ్ళో అందరం ఒక్కసారే చేలల్లోకి మిషన్లు దింపేం. నాది సొంతం, కౌలు కలిపి ఐదెకరాలు. కోత అయింది, ధాన్యం రోడ్డు పక్కన బరకాల మీద పోసేం. కొనుగోలు కేంద్రానికి వెళ్తే అక్కడి కుర్రోడు "సంచులు లేవండి, ఇండెంట్ పెట్టేం" అన్నాడు. "ఎప్పుడొస్తాయి బాబూ?" అంటే "రేపో ఎల్లుండో అండి" అన్నాడు. అతన్ని అనడానికేమీ లేదు. అతని చేతిలో ఉన్నది ఒక ట్యాబు, అంతే.

మా ఊరికి మూడు కిలోమీటర్ల అవతల మా బావమరిది వాళ్ళ ఊరు. పల్లపు చేలు, ఊడ్పులు ఆలస్యం, అప్పటికింకా కోతే మొదలవలేదు. ఆ ఊరి కేంద్రంలో సంచులు కట్టలు కట్టలుగా పడి ఉన్నాయి. ఫోన్ చేస్తే "ఉన్నాయి బావా, కానీ మా ఊరి లెక్కలో వచ్చినవంట, బయటికి ఇవ్వకూడదంట" అన్నాడు. ఎవర్నో బతిమాలుకుని కొన్ని తెచ్చుకున్నాం. అప్పుడు లారీ లేదు. లారీ దొరికేసరికి మాకు రాసిన మిల్లుకి లిమిట్ అయిపోయిందన్నారు. వేరే మిల్లుకి మార్చాలంటే ఇక్కడెవరి చేతిలోనూ లేదు, పైన మారాలన్నారు. ఈలోగా వాన దిగింది. నాలుగో రోజు బరకం ఎత్తి కుప్పలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. పిడికెడు తీసి చూస్తే తెల్లగా మొలకలు.

ఆ ఏడు మద్దతు ధర లెక్కన 75 కేజీల బస్తాకి 1,637 రూపాయలు రావాలి. తడిసిన డెబ్భై బస్తాలూ 1,250కి ఇచ్చుకున్నాను. 27 వేలు పోయాయి. కౌలు బస్తాలు మాత్రం ఒక్క గింజ తగ్గకుండా కొలవాల్సి వచ్చింది. మీలో చాలామందికి ఇలాంటి కథే ఉంటుంది. నాకంటే పెద్ద కథలు ఉన్నవాళ్ళూ ఉన్నారు.

ఆ తర్వాత నేను చాలా రోజులు ఆలోచించాను. సంచులు ఉన్నాయి. లారీలు ఉన్నాయి. మిల్లులు ఉన్నాయి. ఆరబెట్టుకోడానికి మూడు రోజుల ఎండ కూడా వచ్చింది. ఇన్ని ఉండి కూడా ఇవన్నీ ఒకే రోజున ఒకే చోటికి రాలేదు. నా ధాన్యం పోయింది అందుకే. తుఫాను ఆఖర్న వచ్చి ముద్ర వేసింది, అంతే.

పెద్ద పెద్ద కంపెనీలు ఈ జబ్బుకే ఒక మందు వాడతాయి. మా అన్నయ్య కొడుకు హైదరాబాదులో ఒక కంపెనీలో ఆ పనే చేస్తాడు. సమగ్ర ప్రణాళిక సాఫ్ట్‌వేర్ అంటారట. పండక్కి వచ్చినప్పుడు వాడు రెండు గంటలు చెప్పేడు, నాకు సగం అర్థం కాలేదు. చివరికి వాడికి నేనే చెప్పేను: "ఒరేయ్, ఇది మన పెళ్ళి వంటవాడు చేసే పనే కదా" అని.

చూడండి. పెళ్ళికి వంట మాట్లాడుకోడానికి వెళ్తే వంటాయన మొదట అడిగేది ఒకటే మాట: "ఎన్ని ఆకులు లేస్తాయండీ?" ఆ ఒక్క అంకె చెప్తే చాలు. బియ్యం ఎన్ని, కూరలెన్ని, గ్యాస్ బండలెన్ని, వడ్డనకి కుర్రాళ్ళెంతమంది, ఎన్నింటికి పొయ్యి వెలిగించాలి, అన్నీ దాన్నించే పుడతాయి. ముహూర్తం తెల్లారగట్లకి మారితే అన్నీ మారతాయి. ఐదొందల మంది ఎనిమిదొందలైతే పాల నించి ఐసు దాకా అన్నీ పెరుగుతాయి. కూరల లెక్క ఒకడి దగ్గర, బియ్యం లెక్క ఒకడి దగ్గర, ముహూర్తం ఇంకొకడికి తెలిసి ఉంటే ఆ పెళ్ళి భోజనం ఎలా ఉంటుందో ఊహించుకోండి. మన ధాన్యం కొనుగోలు అలా ఉంది. కోత తేదీ రైతుకి తెలుసు. సంచులు ఒకరి చేతిలో, లారీ కాంట్రాక్టరు చేతిలో, మిల్లు కేటాయింపు జిల్లాలో, మిల్లరు బ్యాంకు గ్యారంటీ బ్యాంకులో, బియ్యం దించుకునే జాగా గోడౌన్లో. ఎవరి లెక్క వాళ్ళది.

ఆ సాఫ్ట్‌వేర్ చేసేదల్లా ఈ లెక్కలన్నిటినీ ఒకే దస్తరంలో పెట్టి ముడి వెయ్యడం. ఒకచోట అంకె మారితే మిగతా చోట్ల కూడా అప్పుడే మారుతుంది, ఎవరికి ఏ రోజు ఏం కావాలో ముందే చెప్తుంది. ఇందులో మాయ లేదు, మంత్రం లేదు.

మన లెక్కలో వేసి చూద్దాం. ఊహకి ఒక ఊరు తీసుకోండి, 600 ఎకరాల వరి. ఎకరానికి 28 బస్తాలు అనుకుందాం, అంటే 2.1 టన్నులు. ఊరు మొత్తానికి 1,260 టన్నులు. ఊళ్ళో మూడు మిషన్లు తిరుగుతూ ఒక్కోటి రోజుకి ఎనిమిదెకరాలు కోస్తే రోజుకి 24 ఎకరాలు, సుమారు 50 టన్నులు. సంచికి 40 కేజీలు పడితే రోజుకి 1,260 సంచులు కావాలి. పది టన్నుల లారీలు ఐదు కావాలి. అలా 25 రోజులకి ఊరు ఖాళీ అయిపోతుంది. ఇందులో కష్టమేం లేదు.

ఇప్పుడు తుఫాను కబురు వచ్చింది. భయపడి అందరం మిషన్లు తెప్పించేం. మూడు మిషన్లు ఎనిమిదయ్యాయి. రోజుకి 64 ఎకరాలు, 134 టన్నులు. లారీలు మాత్రం ఆ ఐదే. రోజుకి 84 టన్నులు రోడ్డు మీద మిగిలిపోతుంది. మూడు రోజుల్లో 250 టన్నులు. అంటే ఆరు వేలకి పైగా సంచుల ధాన్యం, బరకాల కింద, వాన కోసం ఎదురుచూస్తున్నట్టు. ఈ లెక్క చెయ్యడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. ఐదో తరగతి కూడికలు, హెచ్చవేతలు చాలు. కానీ ఈ లెక్కని ఊరూరికీ, పూటపూటకీ వేసి, ఏ లారీని ఎటు తిప్పాలో, ఏ ఊరి సంచుల్ని ఏ ఊరికి పంపాలో చెప్పడం మనిషి వల్ల కాదు. దానికి కంప్యూటరు కావాలి.

ఇంకో సంగతి. మిషను కోసిన ధాన్యంలో నిమ్ము ఎక్కువ. కేంద్రంలో తీసుకోవాలంటే 17 శాతం లోపు ఉండాలి. డిసెంబరు మంచులో అది దిగాలంటే రెండు మూడు రోజులు ఎండాలి. కళ్ళాలు ఎప్పుడో పోయాయి, ఇప్పుడు మన కళ్ళం తారు రోడ్డే. ఆ రోడ్డు మీద ఎంత జాగా ఉందో, ఎన్ని టన్నులు ఒకేసారి ఆరబెట్టొచ్చో కూడా లెక్కలో ఉండాలి. ప్రణాళిక అంటే లారీలు, సంచులే అనుకునేవాళ్ళు ఈ మూడు రోజుల్ని మర్చిపోతారు. మనం మర్చిపోలేం.

"మన దగ్గర ఇవన్నీ కుదురుతాయా?" అంటారేమో. నేను చెప్పేది అదే. సమాచారం మన దగ్గర ఇప్పటికే ఉంది. ప్రతి సీజనులోనూ ఈ-క్రాప్ చేస్తున్నాం. సర్వే నంబరు, ఎకరాలు, పంట, రకం, చేలో నిలబెట్టి ఫోటో, వేలిముద్ర. స్వర్ణ వేస్తే విత్తు నించి కోతకి 150 రోజులు పడుతుందని మారుటేరు వాళ్ళు ఆ రకం ఇచ్చిన 1982 నించీ అందరికీ తెలుసు. అంటే ఆగస్టు నెలాఖరుకి మన జిల్లాలో ఏ ఊళ్ళో ఏ వారంలో ఎంత ధాన్యం దిగుతుందో చెప్పెయ్యొచ్చు. మూడు నెలల ముందు! మూడు నెలల ముందు తెలిసిన సంగతికి డిసెంబరులో "ఇండెంట్ పెట్టేం" అనడం ఏంటండీ?

కానీ ఈ-క్రాప్‌ని మనం దేనికి వాడుతున్నాం? నష్టపరిహారం వస్తే పేరుందా లేదా చూడ్డానికి, ధాన్యం అమ్మేటప్పుడు అర్హత ఉందా లేదా చూడ్డానికి. అది హాజరు పట్టీలా ఉంది. అదే పట్టీతో రేపటి పని ఏర్పాటు చెయ్యొచ్చని ఎవరికీ తోచినట్టు లేదు.

మంచి జరిగింది కూడా చెప్పుకోవాలి. 2024 సార్వా నించి వాట్సాప్‌లో "హాయ్" అని పంపి, ఏ రోజు ఏ టైముకి ధాన్యం తెస్తామో బుక్ చేసుకునే పద్ధతి పెట్టేరు. డబ్బులు కూడా 24 నించి 48 గంటల్లో వేస్తున్నామని ప్రభుత్వం చెప్తోంది. నా మటుకు నాకు ముందుకంటే తొందరగానే పడ్డాయి. నెలల తరబడి తిరిగిన రోజులు గుర్తున్నవాళ్ళకి దాని విలువ తెలుసు. కానీ ఒక్క ప్రశ్న. మనం బుక్ చేసుకున్న ఆ టైము వెనకాల ఒక లారీ, కొన్ని సంచులు, ఒక మిల్లులో కొంత జాగా కట్టుబడి ఉన్నాయా? ఉంటే అది ప్రణాళిక. లేకపోతే అది సినిమా హాలు లేకుండా అమ్మిన టిక్కెట్టు.

దేశంలో ఇలాంటి ముడి వేసిన పని ఒకటి జరిగింది, అదీ మన బియ్యానికే. 2024 డిసెంబరులో కేంద్ర ఆహార శాఖ "అన్న చక్ర" అని ఒక సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టింది. ఐక్యరాజ్యసమితి వాళ్ళ ప్రపంచ ఆహార కార్యక్రమం, ఢిల్లీ ఐఐటీ వాళ్ళ సంస్థ కలిసి తయారుచేశారు. గోడౌన్ల నించి రేషన్ షాపులకి బియ్యం వెళ్ళే దార్లన్నీ లెక్కవేసి, ఏ గోడౌన్ నించి ఏ షాపుకి పంపితే దూరం తగ్గుతుందో చెప్తుంది. 30 రాష్ట్రాలకి వర్తిస్తుందన్నారు, ఏటా 250 కోట్లు మిగులుతాయని అంచనా చెప్పేరు. సంతోషం. గోడౌన్లో పడ్డ బియ్యానికి వానా ఎండా తగలవు, అయినా దానికి దారి లెక్క వేశారు. మరి వానలో తడుస్తున్న ధాన్యానికి చేను నించి మిల్లు దాకా ఉన్న దారి మాటేంటి? గొలుసులో మొదటి లింకు మనం. ఆ లింకు దగ్గరే లెక్క లేదు.

ఇది కొత్త జబ్బు కాదని కూడా గుర్తు చేసుకుందాం. 2011 సార్వాకి మన కోనసీమలో వేలాది ఎకరాలు బీడు పెట్టేం. పంట విరామం అని దేశమంతా పేపర్లలో వచ్చింది. ప్రభుత్వం మోహన్ కందా గారి అధ్యక్షతన కమిటీ వేసింది. అప్పుడు మనం చెప్పిన కారణాల్లో కూలి ఖర్చు ఉంది, మురుగు కాలవల ముంపు ఉంది. వాటితోపాటు, గోడౌన్లు నిండిపోయి మిల్లర్లు కొనడం లేదు, మద్దతు ధర కంటే తక్కువకి అమ్ముకోవాల్సి వస్తోంది అన్నది కూడా ఉంది. అంటే గొలుసు చివర గోడౌన్ తలుపు మూసుకుంటే, ఆ దెబ్బ వెనక్కి వచ్చి వచ్చి మన చేలో తగిలింది. మద్దతు ధర కాగితం మీద ఉంది, ధాన్యం కదలకపోతే ఆ కాగితం మనల్ని ఏం కాపాడుతుంది? 2025-26లో కామన్ రకం క్వింటా 2,369, గ్రేడ్-ఏ 2,389 ఉండేది. బస్తాకి 1,777, 1,792 పడింది. ధాన్యం కదిలిన రోజునే అది మన రేటు. కదలని రోజున రోడ్డు మీదకి వచ్చి బేరం ఆడేవాడి రేటే మన రేటు.

ఒకసారి అంబాజీపేట వెళ్ళి కొబ్బరి వ్యాపారి దగ్గర కూర్చోండి. వినాయక చవితికి ఉత్తరాదిలో ఎన్ని కాయలు పోతాయి, దానికి ఎన్ని రోజుల ముందు లారీ బయల్దేరాలి, ఆ లారీ నిండాలంటే ఏ తోటలో దింపు ఎప్పుడు వెయ్యాలి, పీచు తీసే జట్టు ఎంతమంది కావాలి, అన్నీ ఆయన బుర్రలోనూ చిన్న పుస్తకంలోనూ ఉంటాయి. ఆయన ముందు అమ్మకం రోజు చూసుకుని వెనక్కి లెక్కేసుకుంటాడు. మనం ముందు కోసేసి తర్వాత ఎవడు కొంటాడా అని చూస్తాం. వ్యాపారి లాభం వ్యాపారికే పోతుందని ఏడుస్తాం గానీ ఆ పుస్తకం మనం ఎప్పుడూ పెట్టుకోలేదు.

అసలు ఇది మన రక్తంలో లేని విషయమా? కాదండీ. దాళ్వాలో గోదారిలో నీళ్ళు చాలకపోతే ఏం చేస్తాం? వంతు పెట్టుకుంటాం. ఈ కాలవకి ఇన్ని రోజులు, ఆ కాలవకి అన్ని రోజులు. ధవళేశ్వరం దగ్గర ఎంత నీరుందో చూసి, శివారు దాకా లెక్కవేసి, ముందే చెప్తారు. లస్కరు వస్తాడు, తలుపు దింపుతాడు. అర్ధరాత్రి వంతు వచ్చినా లేచి వెళ్ళి మడికి నీళ్ళు పెట్టుకుంటాం. కాటన్ దొర ఆనకట్ట కట్టి 170 ఏళ్ళు దాటింది. గన్నవరం అక్విడక్టు మీంచి నది దాటి నాగరం లంకకి కూడా నీళ్ళు వెళ్తున్నాయంటే, ఎక్కడి చుక్క ఎక్కడికి ఎప్పుడు చేరాలో ఎవరో ఒకరు మొత్తం చూసి లెక్కవేశారు కాబట్టే. నీటికి వంతు ఉంది. ఆ నీటితో పండిన ధాన్యానికి మాత్రం వంతు లేదు. పొలంలోకి వచ్చే దానికి ఏర్పాటు ఉంది, పొలం నించి వెళ్ళే దానికి లేదు.

వంతులో అన్యాయం జరగదా అంటే జరుగుతుంది. శివారు వాడికి ఎప్పుడూ తక్కువే వస్తాయి. కానీ వంతు ఉంది కాబట్టి "నా వంతు నాకు రాలేదు" అని అడగడానికి ఒక నోరుంది. వంతే లేకపోతే ఏమని అడుగుతాం? నాకు సాఫ్ట్‌వేర్ మీద మోజు ఇందుకే. ముందుగా రాసి గోడకి అంటించిన లెక్క ఉంటే, అది తప్పినప్పుడు ఎక్కడ తప్పిందో కనిపిస్తుంది. సంచుల దగ్గరా, లారీ దగ్గరా, మిల్లు దగ్గరా, బ్యాంకు దగ్గరా అని. ఇప్పుడు అందరూ "పైన" అంటారు. ఆ పైన ఎక్కడుందో ఎవరికీ తెలీదు.

ఇక మన తప్పులు కూడా మాట్లాడుకుందాం, కోపం తెచ్చుకోవద్దు.

చేపల చెరువుని వరి అని రాయించుకున్నవాళ్ళు మనలో లేరా? వేసింది ఒక రకం, రాయించింది ఒక రకం. కౌలు రైతు పేరు రాయిస్తే ఎక్కడ భూమి మీదకొస్తాడో అని కార్డు రానివ్వని ఆసాములు లేరా? ఈ తప్పుడు లెక్క మీద ఎంత గొప్ప కంప్యూటరు పెట్టినా అది తప్పుడు జవాబే ఇస్తుంది. చెత్త విత్తనం జల్లి మంచి పంట అడిగినట్టే. పైగా కౌలు రైతు పేరు లేకపోతే డబ్బు ఆసామి ఖాతాలో పడుతుంది. అక్కణ్ణించి మన ఖాతాకి రావడానికి ఏ సాఫ్ట్‌వేరూ లేదు.

వంతు పెట్టేక దాన్ని దాటేవాళ్ళూ మనమే. ఇరవై రెండు శాతం నిమ్ముతో ధాన్యం తెచ్చి "ఈసారికి తీసుకో బాబూ" అని నాయకుడి చేత ఫోన్ చేయిస్తాం. ఆ ఫోన్‌తో లారీ మన వాకిట్లోకి వస్తుంది, నిజంగా ఆరబెట్టుకుని కూర్చున్నవాడి లారీ పోతుంది. నేనూ చేశాను ఒకసారి. దాచుకోను.

కొందరు సోదరులు అడిగిన ప్రశ్నలకి కూడా నాకు తోచింది చెప్తాను.

"సర్వర్ డౌన్ అంటే ఏం చేస్తాం?" అని మా చిన్నాన్న అడిగేడు. మంచి ప్రశ్న. అందుకే ప్రణాళిక ట్యాబులోనే ఉండిపోకూడదు. ప్రతి సోమవారం ఆ వారం లెక్క కాగితం మీద కేంద్రం గోడకి అంటించాలి. సర్వర్ పడుకున్నా గోడ పడుకోదు.

"మన లెక్కలన్నీ దళారులకి తెలిసిపోతే రేటు తగ్గించెయ్యరా?" అని ఇంకొకరు. అయ్యా, దళారికి మన లెక్క ఇప్పటికే తెలుసు. మన చేలో కంకి ఎప్పుడు వంగిందో మనకంటే ముందు అతనికి తెలుసు. తెలియనిది మనకే. పక్క ఊళ్ళో సంచులున్నాయని నాకు ఫోన్ చేస్తే తప్ప తెలియలేదు చూశారా!

"తుఫానుకి సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది?" అనొచ్చు. తుఫానుని ఆపదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా మన పక్కనే నరసాపురం దగ్గర తీరం దాటింది. పొట్టమీద, ఈనిక మీద ఉన్న చేలకి దాని దెబ్బ ఎలాంటిదో చూశాం. దానికి ఏ లెక్కా అడ్డం రాదు. కానీ కోసిన ధాన్యం విషయం వేరు. వాతావరణ శాఖ కబురుకీ వానకీ మధ్య మూడు నాలుగు రోజుల టైము ఉంటుంది. ఆ మూడు రోజుల్లో ఎండిన ధాన్యం ఏ ఊళ్ళో ఎంత ఉంది, ఏ మిల్లుకి ఎంత ఖాళీ ఉంది, ఏ మిల్లులో డ్రయ్యరు ఉంది, మండపేట వైపు వెళ్ళే లారీల్ని ముందు ఏ ఊరికి తిప్పాలి అన్నది ఒకచోట కనిపిస్తే సగం ధాన్యమైనా పైకప్పు కిందకి చేరుతుంది. 2023 మే నెలలో దాళ్వా ధాన్యం మీద అకాల వానలు పడ్డప్పుడు కూడా ఇదే గొడవ. రెండు పంటలకీ అదే గొడవ అయితే అది వాతావరణం తప్పు ఒక్కటే అనుకోలేం.

ఇంకోటి. ఆ మధ్య సార్వాకి కాలవలకి జూన్ మొదటి తారీకునే నీళ్ళిచ్చి, నవంబరు తుఫాన్ల లోపు మాసూళ్ళు అయిపోయేలా చూడాలని ఏర్పాటు చేశారు. ఆలోచన మంచిది. కానీ 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకలు మునిగాయి. పల్లపు చేలల్లో ఊడ్చింది కుళ్ళిపోయి మళ్ళీ ఊడ్చుకున్నవాళ్ళు ఎందరో. ఆ రోజున వాళ్ళ కోత తేదీ నెల వెనక్కి వెళ్ళిపోయింది. సంచుల లెక్క, లారీల లెక్క మాత్రం జూన్ నాటిదే ఉంటే ఏం లాభం? ముంపు వచ్చిన వారంలోనే ప్రణాళిక మారాలి. ఒక అంకె మారితే అన్నీ మారాలి అన్నది ఇందుకే.

అందుకని మనం అడగాల్సినవి ఇవి. ఎక్కువ లేవు.

మొదటిది, ఈ-క్రాప్ అయిన నెల రోజుల్లో ఊరివారీగా, వారంవారీగా ధాన్యం అంచనా తెలుగులో రాసి రైతు సేవా కేంద్రంలో పెట్టాలి. తప్పుంటే మనం చెప్తాం, దిద్దుకోవాలి.

రెండోది, ఆ అంచనా పక్కనే సంచులు, లారీలు, మిల్లు, ఆ మిల్లు బ్యాంకు గ్యారంటీ ఎంత ధాన్యానికి సరిపోతుంది అన్నవి రాసి ఉండాలి. లోటు ఉంటే కోతలకి నెల ముందే కనిపించాలి.

మూడోది, సంచులు ఊరి పేరున కాకుండా మండలం పేరున ఉండాలి. ఎక్కడ కోత ముందొస్తే అక్కడికి వెళ్ళాలి.

నాలుగోది, తుఫాను హెచ్చరిక వచ్చిన పూటే ఏ మిల్లుకైనా ధాన్యం మార్చే అధికారం జిల్లాలో ఒక్కరికి ఉండాలి. ఆ ఒక్కరి పేరు మనకి ముందే తెలియాలి.

ఐదోది, సాగు చేసేవాడి పేరు. కౌలు రైతు పేరు లేని లెక్క లెక్క కాదు.

ఇవి అడుగుతూ మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఈ దాళ్వాకి మా ఊళ్ళో ఒక పని మొదలుపెడుతున్నాం. ఒక పెద్ద నోటుపుస్తకం. ఎవరు ఎన్ని ఎకరాలు, ఏ రకం, ఊడ్పు ఏ తారీకు, కోత ఏ వారం. మిషను వాళ్ళతో ఊరంతటికీ కలిపి ముందే మాట్లాడి, ఏ ఆయకట్టు ముందు, ఏది తర్వాత అని వంతు వేసుకుంటాం. రోడ్డు మీద ఆరబెట్టుకునే జాగా కూడా వంతే. మా అన్నయ్య కొడుకు ఆ పుస్తకాన్ని ఫోన్లో పట్టికగా చేసి ఇస్తానన్నాడు. ఎవరైనా తారీకు మారిస్తే అందరికీ కనిపిస్తుంది. పైసా ఖర్చు లేదు. ఆ పట్టిక పట్టుకుని మార్చిలోనే కేంద్రానికి వెళ్ళి "మా ఊరికి ఈ రోజు నించి రోజుకి ఇన్ని సంచులు, ఇన్ని లారీలు" అని రాతపూర్వకంగా ఇస్తాం. ఇచ్చినట్టు సంతకం తీసుకుంటాం. ఏప్రిల్‌లో వచ్చి "లేవు" అంటే ఆ కాగితం చూపిస్తాం.

పని చేస్తుందా? చూడాలి. మొదటి ఏడు సగం మంది వంతు తప్పుతారు, నాకు తెలుసు. కాలవ వంతు కూడా మొదటి ఏడే కుదిరి ఉండదు. ఎన్ని కొట్లాటలు అయ్యుంటాయో మన తాతలకే తెలియాలి.

ముమ్మిడివరం, రాజోలు, కొత్తపేట వైపు సోదరులు కూడా ఒక్కో ఊరికి ఒక్క పుస్తకం పెట్టండి. పది ఊళ్ళ పుస్తకాలు ఒకచోట పెడితే ఒక మండలం ప్రణాళిక తయారవుతుంది. మనం చేసి చూపిస్తే పైన ఉన్నవాళ్ళ సాఫ్ట్‌వేర్‌కి ఏం కావాలో వాళ్ళకీ అర్థమవుతుంది. మీ ఊళ్ళో ఊడ్పులు ఎప్పుడు, కోత ఎప్పుడు, మిషన్లు ఎన్ని, పోయినసారి సంచులు ఎన్ని రోజులు ఆలస్యం అయ్యాయి, ఈ నాలుగూ రాసి పెట్టుకోండి. నాకూ చెప్పండి.

ఆ రోజు మొలకెత్తిన ధాన్యం పిడికెడు ఒక డబ్బాలో వేసి అటక మీద పెట్టేను. మా ఆవిడ పారెయ్యమంటుంది. ఉండనీ అన్నాను. మార్చిలో కేంద్రానికి ఆ కాగితంతో పాటు దాన్ని కూడా పట్టుకెళ్తాను.

ఉంటానండి.